కెన్యా యూత్ క్యాంపుకి విశాఖ నుంచి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విదేశీ మిషన్ యాత్రల మీద వచ్చిన ఉత్తరాల్లో ఈసారి కెన్యా గురించి అడిగినవి తీసుకున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాల్ని ఒక ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: కెన్యాలో కిసుము దగ్గర ఒక సంఘం (చర్చి) వాళ్లు ఆగస్టులో జరిగే యూత్ క్యాంపుకి మమ్మల్ని పిలిచారు. మా యూత్‌లో 15 మంది పేర్లిచ్చారు. పాటలు, స్కిట్లు, వాక్యం అన్నీ మేమే చూసుకుందామనుకుంటున్నాం. పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– యూత్ లీడర్, గాజువాక

జవాబు: పేర్లు పక్కన పెట్టి, ముందు అక్కడి యూత్ పాస్టరు గారికి ఒక ఉత్తరం రాయండి. క్యాంపుకి వచ్చేది ఏ వయసువాళ్లు, ఎంతమంది? ఏ భాషలో మాట్లాడాలి? ఏడాది పొడవునా ఆ పిల్లలతో ఉండే స్థానిక లీడర్లు ఎందరు? వాళ్లకి మీ నుంచి ఏం కావాలి? చివరిగా, మీరు రాకపోయినా ఈ క్యాంపు జరుగుతుందా? ఈ ఆఖరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. "మీరొస్తేనే" అని జవాబొస్తే ఆ ఏడాది వెళ్లకుండా, వాళ్ల లీడర్లతో నెలకోసారి ఫోన్లో ప్రార్థన, పాఠం పెట్టుకోండి. మీకోసం ఏర్పాటైన క్యాంపు మీరు విమానం ఎక్కిన మర్నాడే చల్లారిపోతుంది.

15 మంది ఎక్కువ. అక్కడ జనం తిరిగే మటాటూ వ్యానులో 14 సీట్లుంటాయి. సామానుతో కలిపి ఎనిమిది మంది ఒక బండిలో సర్దుకుంటారు. తొమ్మిదో మనిషితో రెండో బండి, రెండో డ్రైవరు, పిలిచినవాళ్లకి రెట్టింపు తిప్పలు. ఏడెనిమిది మందిలో పెళ్లయి బాధ్యత తెలిసినవాళ్లు ఇద్దరు, ఆడవాళ్లు కనీసం ముగ్గురు, లెక్కలు రాసే మనిషి ఒకరు, నర్సింగ్ తెలిసినవాళ్లు ఒకరు ఉండేలా చూడండి. వాయించేవాళ్లు ఇద్దరు చాలు. అక్కడి క్వయర్లకి మన కీబోర్డు లేని లోటేమీ ఉండదు.

ఆగస్టు అని వాళ్లు చెప్పడానికి కారణముంది. కెన్యా బడులకి మూడు టర్ములు. సెలవులు ఏప్రిల్‌లో, ఆగస్టులో, నవంబరు–డిసెంబరుల్లో వస్తాయి. చాలామంది హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లే కాబట్టి సెలవుల్లో తప్ప దొరకరు. తేదీలు ఏటా కొంచెం మారతాయి గనక ఆ ఏటి బడి క్యాలెండరు చూసుకున్నాకే టికెట్లు తీసుకోండి. ఫారం ఫోర్, అంటే హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలకి, ఏడాది చివర కేసీఎస్‌ఈ అనే పరీక్షలుంటాయి. మన ఇంటర్ రెండో ఏడాది పిల్లల్లాగే ఆగస్టులో వాళ్ల ధ్యాసంతా పుస్తకాల మీదే. రోజూ రెండు గంటలు చదువుకోనిస్తే క్యాంపుకి వస్తారు, లేకపోతే ఇంట్లోవాళ్లు పంపరు.

ఆగస్టు ప్రయాణానికి జనవరిలో పాస్‌పోర్టులు, మార్చి–ఏప్రిల్‌లో టికెట్లు, జూన్‌లో టీకాలు, జులైలో ప్రయాణ అనుమతి. ఈ వరస తప్పితే డబ్బు ఎక్కువవుతుంది, లేదా మనిషి తగ్గుతాడు.

ప్రశ్న: టూరిస్టులమని పెట్టేస్తే సరిపోతుందని ట్రావెల్స్ వాళ్లంటున్నారు. నిజమేనా? మాలో కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఫర్వాలేదా?
– సంఘ కార్యదర్శి, పెందుర్తి

జవాబు: ముందు పేర్ల సంగతి చూద్దాం, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. సంఘంలో గ్రేసీ, పదో తరగతి సర్టిఫికెట్లో వెంకటలక్ష్మి. టీము జాబితా రాసేవాళ్లు అలవాటుగా గ్రేసీ అని రాస్తారు, టికెట్టు ఆ పేరుతోనే వస్తుంది. ఎయిర్‌పోర్టు కౌంటర్లో వెంకటలక్ష్మి పాస్‌పోర్టు చూపిస్తే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. అందుకే జాబితా నోటిమాట మీద రాసుకోవద్దు. ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో తెప్పించి, అక్షరం అక్షరం చూసి రాయండి.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే టికెట్టులో ఒక్కో ఎయిర్‌లైన్స్ ఒక్కో పద్ధతిలో నింపుతుంది. అనుమతిలోనూ టికెట్టులోనూ ఒకేలా ఉండేట్టు చూసుకోండి. దారిలో దుబాయ్‌లో దిగి ఊరు చూద్దామనుకుంటే మాత్రం ఆగండి. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుకి విజిట్ వీసా ఇవ్వకూడదని యూఏఈ 2022 నవంబరులో నియమం పెట్టింది. సమయముంటే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు పరిధిలో రీ-ఇష్యూకి పెట్టి ఇంటిపేరు చేర్పించుకోవడం మంచిది. 36 పేజీల పాస్‌పోర్టుకి పెద్దవాళ్లకి 1500 రూపాయలు, తత్కాల్‌లో అయితే మరో 2000. కెన్యాలో దిగేరోజుకి గడువు ఇంకా ఆరు నెలలు ఉండాలి.

2024 జనవరి నుంచి కెన్యా వీసా తీసేసి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. పసిపిల్లలకైనా ఎవరిది వాళ్లకే. ఈ పేరుతో రెట్టింపు వసూలు చేసే దళారీ సైట్లు బోలెడు. చిరునామా చివర గో డాట్ కేఈ అని ఉన్నదే ప్రభుత్వానిది.

ఇక టూరిస్టులమని చెప్పడం. క్యాంపులో బోధించడానికి వెళ్తూ సఫారీకి అని రాయడం తప్పు, పైగా తెలివితక్కువ పని. ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ఎనిమిది మందిని విడివిడిగా అడిగితే ఒకరు సఫారీ అంటారు, ఒకరు యూత్ మీటింగ్ అంటారు. కెన్యాలో మత, ధర్మకార్యాల కోసం ఎక్కువకాలం ఉండేవాళ్లకి క్లాస్ ఐ పర్మిట్ ఉంది, తక్కువ రోజుల పనులకి స్పెషల్ పాస్ ఉంది. మీ పది రోజులకి ఏది వర్తిస్తుందో ఆ సంఘం వాళ్లే అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో కనుక్కుని మీకు రాసి పంపాలి. ఆహ్వాన పత్రంలో సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, తేదీలు, బస చిరునామా, మీరు చేయబోయే పని ఉన్నదున్నట్టు ఉండాలి. దాని ప్రింటు అందరి చేతి సంచుల్లోనూ ఉండాలి, ఒక్క లీడరు దగ్గరే కాదు.

ఇలాంటి పని మీదే నేపాల్ వెళ్దామని మరో పాఠకుడు అడిగారు. వీసా అక్కర్లేదన్న మాట నిజమే. కానీ అక్కడి 2015 రాజ్యాంగం 26వ అధికరణ మతం మార్పించడాన్ని నిషేధిస్తోంది. శిక్షాస్మృతి ప్రకారం ఐదేళ్ల దాకా జైలు, విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు. మీ వల్ల ఇబ్బంది పడేది అక్కడే ఉండిపోయే సంఘం. వాళ్లడగకుండా వెళ్లొద్దు.

ప్రశ్న: ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? మలేరియా మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతుందని మా పిల్లలు భయపడుతున్నారు.
– స్త్రీల సమాజం సభ్యురాలు, మల్కాపురం

జవాబు: మన దేశం నుంచి నేరుగా వెళ్లేవాళ్లని నైరోబీలో టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు అడక్కపోవచ్చు. అది చూసి చాలామంది వద్దనుకుంటారు. చిక్కు తిరుగు ప్రయాణంలో వస్తుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో కెన్యా ఉంది. కార్డు లేకుండా ముంబయిలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమే ఈ జబ్బునీ మోస్తుంది. ఆ దోమ మన దగ్గర కావలసినంత ఉంది, జబ్బు మాత్రం ఇంకా రాలేదు. అందుకే ప్రభుత్వం అంత పట్టుదలగా ఉంది.

టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. విశాఖలో పోర్టు హెల్త్ ఆఫీసు, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉన్నాయి. ఒక సీసాలో చాలామందికి సరిపడే మందుంటుంది, విప్పితే కొద్ది గంటల్లో వాడేయాలి. అందుకని నిర్ణీత రోజుల్లో, ముందుగా నమోదు చేసుకున్నవాళ్లకే వేస్తారు. టీమంతా ఒకేసారి వెళ్తే పని సులువు. ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్లండి, కార్డు మీద ఆ నంబరే రాస్తారు. పాస్‌పోర్టు రీ-ఇష్యూకి ఇచ్చేదుంటే అది వచ్చాకే టీకా. లేకపోతే కార్డు మీద పాత నంబరు ఉండిపోతుంది.

కార్డు టీకా వేసిన పదో రోజు నుంచి చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, 60 దాటినవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఆఖరి వారంలో పరుగెత్తేవాళ్లకి ఆ పది రోజులే అడ్డం పడతాయి.

మలేరియా విషయంలో నైరోబీకీ కిసుముకీ చాలా తేడా. నైరోబీ దాదాపు 1800 మీటర్ల ఎత్తున ఉంది, దోమ తక్కువ. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, అక్కడ మలేరియా ముమ్మరం. క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. డాక్టర్లు సాధారణంగా రాసేవి మూడు. అటోవాక్వోన్–ప్రోగ్వానిల్ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఏడు రోజులు వాడాలి. ఖరీదు ఎక్కువ, ఇబ్బంది తక్కువ. డాక్సీసైక్లిన్ చవక, కానీ తిరిగొచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి. మెఫ్లోక్విన్ వారానికొకటి, రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. పీడకలలు, ఆందోళన వచ్చేవాళ్లకి అది పడదు.

మీ పిల్లలు చెప్పే తిప్పడం ఎక్కువగా డాక్సీసైక్లిన్‌ది. ఖాళీ కడుపుతో వేసుకుని వెంటనే పడుకుంటే మాత్ర గొంతు దిగువన ఇరుక్కుని మంట పుడుతుంది. భోజనం చేశాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, అరగంటైనా కూర్చోవాలి. ఎండకి చర్మం కందడం కూడా దీనితో ఎక్కువే.

ఇంకో మాట. బీచ్ ఊరి పిల్లలకి నీళ్లు చూస్తే కాలు ఆగదు. విక్టోరియా సరస్సులో దిగనివ్వొద్దు. ఆ నీళ్లలోని నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా పురుగు చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తుంది. మోకాలి లోతు నీళ్లలో దిగినా అంటుకుంటుంది.

ప్రశ్న: సంఘం ట్రస్టు ఖాతా డబ్బుతో టికెట్లు కొనొచ్చా? అక్కడి సంఘానికి లక్ష రూపాయలు కానుక ఇద్దామని కమిటీలో అనుకున్నాం.
– కోశాధికారి, అక్కయ్యపాలెం

జవాబు: ట్రస్టు ఖాతా ముట్టుకోవద్దు. ఆదాయపు పన్ను మినహాయింపు తీసుకునే ట్రస్టు తన సొమ్ము దేశంలోనే ఖర్చు పెట్టాలి. ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేకుండా బయట ఖర్చు చేస్తే అంతమేరకు మినహాయింపు పోతుంది. విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా ఉంటే దాన్ని ఈ పనికి తలవడం కూడా వద్దు.

వెళ్లేవాళ్లు ఎవరి ఖర్చు వాళ్లు పెట్టుకోవాలి. సంఘస్థులు సాయం చేయాలనుకుంటే నేరుగా ఆ మనిషి ఖాతాలోకి వేయొచ్చు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 దాటితే అది ఆ మనిషి ఆదాయంగా లెక్కకొస్తుందని మాత్రం ముందే చెప్పండి. ట్రావెల్స్ వాళ్ల దగ్గర టికెట్టు, బస కలిపి ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తారు. రిటర్ను వేస్తే అది సర్దుబాటవుతుంది, కానీ బిల్లు ఎవరి పాన్ మీద ఉంటే వాళ్లకే. ఎనిమిది మంది బిల్లు ఒక్క లీడరు పాన్ మీద వేయించడం మామూలుగా జరిగే పొరపాటు. ఉత్త విమానం టికెట్టు విడిగా కొంటే ఆ బెడద లేదు.

లక్ష రూపాయల కానుక గురించి మా అభిప్రాయం వేరు. మొదటి యాత్రలోనే వేదిక మీద కవరు ఇస్తే ఆ తర్వాత మీ ప్రతి సలహా వెనకా ఆ కవరే కనిపిస్తుంది. మీ ఎనిమిది మంది తిండి, బస, వ్యాను ఖర్చు పైసాతో సహా మీరే కట్టండి. దానికి పైన ఇవ్వాలనుకుంటే క్యాంపు అయ్యాక, వాళ్ల కమిటీ అడిగిన ఒక పనికి, సభ్యులు తమ వ్యక్తిగత ఖాతాల నుంచి బ్యాంకు ద్వారా ఆ సంఘం ఖాతాకి పంపొచ్చు. వ్యక్తులు విదేశాలకి డబ్బు పంపుకోనిచ్చే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద విరాళం పంపడానికి వీలుంది.

చేతిలో డాలరు నోట్లు ఒక్కొక్కరికి 3000 దాటకూడదు. కొత్త నోట్లే అడిగి తీసుకోండి. పాతవి, చిరిగినవి అక్కడ మార్చేవాళ్లు వద్దంటారు, లేదా ధర తగ్గిస్తారు. కెన్యాలో కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతో డబ్బు కట్టే ఎం-పెసాయే. ఖర్చులన్నీ ఒకే ఫోను మీద నడిపితే మెసేజీలే లెక్కల పుస్తకం. పిల్లలకి మాత్రం విడిగా డబ్బివ్వొద్దు, ఎంత జాలేసినా.

ప్రశ్న: క్యాంపులో ఏం చేయాలి? మా దగ్గర మంచి స్కిట్లున్నాయి, ప్రసంగాలు సిద్ధం చేసుకున్నాం.
– బైబిలు స్టడీ లీడర్, మధురవాడ

జవాబు: ప్రసంగాలు సగం చేయండి, సంఖ్యలోనూ నిడివిలోనూ. ఊళ్లో పెద్ద పిల్లలకి ఇంగ్లీషు వస్తుంది. పల్లె క్యాంపులో స్వాహిలీ, కిసుము చుట్టుపక్కల లువో భాష కావాలి. తర్జుమా చేసే మనిషి ఉంటే 40 నిమిషాల ప్రసంగంలో మీ మాట 20 నిమిషాలే. మన వక్తలకి ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడే అలవాటు. "మనం అర్హులం కాకపోయినా తన కృపచేత మనల్ని వెదకి రక్షించిన దేవుడు, నేడు ఈ యవ్వనకాలంలో..." అంటూ పోతే తర్జుమా చేసేవాడు సగం వదిలేసి "దేవుడు మంచివాడు" అని ముగిస్తాడు. "దేవుడు మనల్ని వెదికాడు." ఆగండి. "మనం అడక్కముందే వెదికాడు." ఆగండి. ఇలా మాట్లాడటం ఇంటి దగ్గర రెండు వారాలు సాధన చేస్తే తప్ప రాదు. మీ యూత్ మీటింగులోనే ఒకరు ఇంగ్లీషులో, ఒకరు తెలుగులో నిలబడి చేసి చూడండి. తర్జుమా చేసేవాళ్లకి పాఠం, వాక్య భాగాలు ముందురోజు రాత్రే ఇవ్వండి. మన పరలోకాలూ పరిశుద్ధాత్మలూ వాళ్లకి తెలిసినవే. తడబడేది మన సామెతల దగ్గర, జోకుల దగ్గర. అవి తీసేయండి.

"బ్వానా అసిఫివే" అంటే ప్రభువుకి స్తోత్రమని, జవాబు "ఆమెన్" అని అందరూ నేర్చుకోండి. స్వాహిలీ పాటలు రెండు బాగా వస్తే చాలు, తెలుగు పాట ఒకటి వినిపించండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లు ముందు తెలుగు నేర్చుకునే పనిలో పడ్డారు. పది రోజుల అతిథులకి రెండు పాటలు పెద్ద భారమేమీ కాదు.

అసలు సమయం పెట్టాల్సింది స్థానిక లీడర్ల మీద. క్యాంపుకి ముందు రెండు పూటలు వాళ్లతోనే కూర్చోండి. ఒక వాక్య భాగం తీసుకుని, ఎనిమిది మంది పిల్లల గుంపుతో 25 నిమిషాల చర్చ ఎలా నడపాలో మీరొకసారి చేసి చూపించండి. తర్వాత వాళ్లలో ఒకరు నడుపుతారు, మీరు చివర రెండే మాటలు చెప్తారు. క్యాంపులో గుంపులన్నీ వాళ్లే నడపాలి, మీరు పక్కన కూర్చోవాలి. మీకిది చప్పగా ఉంటుంది, ఫొటోలూ బాగా రావు. పనికొచ్చేది మాత్రం ఇదే.

గుంపు 10 దాటితే ఇద్దరే మాట్లాడతారు. మగపిల్లల్నీ ఆడపిల్లల్నీ కొన్ని విషయాలకి విడగొట్టాలా అన్నది అక్కడి లీడర్లనే అడగండి. ప్రశ్నల పెట్టె పెట్టి, పేరు లేకుండా చీటీలు వేయమనండి. ప్రేమ, చదువు, ఉద్యోగం, తాగే తండ్రి... మన దగ్గర వచ్చే చీటీలే వస్తాయి. జవాబు మాత్రం మీరు చెప్పొద్దు, అక్కడి పాస్టరు గారు చెప్పాలి. ఆ పిల్లాడికి మళ్లీ ప్రశ్నొస్తే అందుబాటులో ఉండేది ఆయనే.

కరెంటు పోతుంది, ప్రొజెక్టరు మీద ఆధారపడకండి. స్కిట్ మాటల్లేనిదైతే ఒకటి పెట్టుకోండి. ఫుట్‌బాళ్లు నాలుగు గాలి తీసి మడిచి, పంపు, సూది చెక్-ఇన్ బ్యాగులో వేయండి. సూది రెండు మూడు అదనంగా ఉండాలి, మొదటిరోజే ఒకటి విరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. టీముతో పంపమని సంఘంలో అడుగుతున్నారు. పంపొచ్చా?
– ఒక తల్లి, భీమిలి

జవాబు: మొదటి యాత్ర అయితే మరో ఏడాది ఆగమని చెప్తామమ్మా. 18 నిండనివాళ్లు టీములో ఉంటే వాళ్ల బాధ్యత చూడటానికే ఒక పెద్ద మనిషి సమయం పోతుంది. పంపాలనే అనుకుంటే తల్లిదండ్రులిద్దరి సంతకంతో నోటరీ అంగీకార పత్రం, పాపతో ఒకే గదిలో ఉండే పెద్దావిడ ఎవరో పేరుతో సహా, ఇన్సూరెన్స్ పాలసీ కాపీ మీ చేతికి వచ్చాకే సరేననండి.

ఈ నియమాలు టీము రాసి పెట్టుకుందో లేదో కూడా అడగండి. ఏ పెద్దవారూ ఒక పిల్లతో గానీ పిల్లాడితో గానీ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. అక్కడి పిల్లలతో సొంత ఫోను నంబర్లు, ఇన్‌స్టా ఖాతాలు ఇచ్చిపుచ్చుకోకూడదు. పిల్లల ఫొటోలు పెట్టేముందు అక్కడి సంఘం అనుమతి కావాలి. అనుమానమొచ్చిన విషయం ఎవరికి చెప్పాలో ఇక్కడ ఒకరు, అక్కడ ఒకరు ముందే నిర్ణయమై ఉండాలి. "మనవాళ్లే కదా, రాతకోతలెందుకు" అన్న సంఘంతో పంపకండి. టూరిస్టు ప్రయాణాలకి పాస్‌పోర్టు ఆఫీసు పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) ఇవ్వదు కాబట్టి, పిల్లల మధ్య పనిచేసే పెద్దవాళ్ల గురించి స్థానిక పోలీసుల వెరిఫికేషన్, సంఘ కాపరి రాసిన లేఖ అడగొచ్చు.

ఫోను గురించి: మనకి రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్లకి ఏడు. భోజనాల ముందు పది నిమిషాలు అని పెట్టుకోండి.

ప్రశ్న: సామానులో ఏం పెట్టుకోవాలి? పచ్చళ్లు తీసుకెళ్లొచ్చా?
– యూత్ సభ్యుడు, కంచరపాలెం

జవాబు: ముందు బరువు చూసుకోండి. విశాఖ–ముంబయి టికెట్టు విడిగా కొంటే దానిమీద సాధారణంగా 15 కిలోలే చెక్-ఇన్‌కి ఒప్పుకుంటారు, ముంబయి–నైరోబీకి ఎంత ఎక్కువున్నా సరే. మొదటి కౌంటర్లోనే అదనపు కిలోలకి డబ్బు కట్టాలి. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే ఎవరూ బాధ్యులు కారు. వీలైతే రెండూ ఒకే టికెట్టులో కొనండి. కాకపోతే ముందురోజే ముంబయి చేరండి.

మనవాళ్లు చీరలు, చెప్పులు, పచ్చడి డబ్బాలు అన్నీ క్యారీబ్యాగుల్లో చుడతారు. కెన్యా 2017 ఆగస్టులో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధించింది. ఎయిర్‌పోర్టులో తీయిస్తారు. గుడ్డ సంచులు వాడండి. ఆవకాయ గట్టి మూత డబ్బాలో, చెక్-ఇన్ బ్యాగులోనే. ఎండు కొబ్బరికి తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణముంది కాబట్టి విమానంలో ఒప్పుకోరు, కురిడీలు ఇంట్లోనే ఉంచండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలో, 100 వాట్-అవర్ల లోపుది. అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, అడాప్టరు కావాలి.

స్వెటరు మర్చిపోవద్దు. జులై–ఆగస్టుల్లో నైరోబీలో రాత్రుళ్లు మన అరకు చలిని గుర్తుచేస్తాయి. తిండికి బెంగ లేదు. ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా వికీ అనే ఆకుకూర, చపాతీ, పాలు పోసి మరిగించిన టీ దొరుకుతాయి. పెట్టింది తినండి, పచ్చడి బస దగ్గర విప్పుకోండి.

ప్రశ్న: తిరిగొచ్చాక ఏమైనా జాగ్రత్తలున్నాయా?
– పెందుర్తి నుంచే మరొకరు

జవాబు: మలేరియా మాత్రలు ఇంటికి రాగానే ఆపేయకండి. తిరిగొచ్చిన మూడు నెలల లోపు ఎప్పుడు జ్వరమొచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించి, కెన్యా వెళ్లొచ్చామని డాక్టరుతో మొదటి మాటగా చెప్పండి. వైరల్ ఫీవరని రెండు రోజులు చూద్దామనుకోవద్దు. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకం. మన పాడేరు వైపు మనుషుల్ని తీసుకుపోయిందీ అదే. టీములో ఒకరికి పాజిటివ్ వస్తే మిగతా అందరికీ ఫోను చేయండి.

అక్కడి లీడర్లతో నెలకోసారి అరగంట వాట్సాప్ కాల్ పెట్టుకోండి. మొదటి కాల్ తేదీ నైరోబీ విమానం ఎక్కకముందే ఖాయం చేసుకోవాలి. ఇంటికొచ్చాక చూద్దామనుకుంటే పనుల్లో పడి అది జరగదు. ఆ కాల్‌లో ఏం మాట్లాడాలో వాళ్లనే నిర్ణయించనివ్వండి.